కోర్టు బయట అన్న మాట

యాభై రెండేళ్ల నా బతుకులో 'తప్పైంది' అన్న మాట నేను ఒక్కసారే అన్నాను. ఆ ఒక్కసారి అన్నదే నా మెడకు చుట్టుకుంది.

క్షమాపణ అడిగే అలవాటు నాకు లేదని ముందే చెబుతున్నాను. నన్ను అడగవలసిన వాళ్లే చాలామంది ఉన్నారు. ఆరో తరగతిలో నేను తీయని సుద్దముక్క నేనే తీశానని నన్ను బెంచీ ఎక్కించిన సారు ఉన్నాడు. నా చెల్లెలి పెళ్లిలో మొదటి బంతిలో కూర్చున్న నన్ను లేపి, నా విస్తరి ముందు వాళ్ల మేనమామను కూర్చోబెట్టిన పెళ్లికొడుకు అన్న ఉన్నాడు. చేతిలో టికెట్ పట్టుకుని నిలబడి ఉండగా, "టికెట్ లేనివాళ్లు దిగండి" అని అందరిలో నా వంకే చూసిన బార్డోలీ బస్సు కండక్టరు ఉన్నాడు. ఆ కండక్టరు మీద డిపోకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. జవాబు రాలేదని ఇంకో ఉత్తరం రాశాను. రాసిన ప్రతిదానికీ జిరాక్సు తీసి దాచుకుంటాను. మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఉన్న రేకు పెట్టె నిండా అవే ఉంటాయి.

మాది ఉత్తర తెలంగాణలో సాంచాలు నడిచే ఊరు. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటాం. సూరత్‌లోనూ అదే అంటారు. పందొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చిన నాకు ఈ ఊళ్లో కొత్తగా నేర్చుకోనక్కరలేకపోయిన మాట అదొక్కటే. మొదట సాంచాలు నడిపాను. పదేళ్లుగా సూరత్ పక్కన కడోదరాలో ఒక కార్ఖానాలో మాస్టరుగా ఉన్నాను. సాంచా ఆగితే సరిచేసేవాడు మాస్టరు. కరెంటు మెయిన్ స్విచ్ బాధ్యత కూడా అతనిదే.

ఈ కథంతా ఆ మెయిన్ దగ్గరే ఉంది కాబట్టి అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మా షెడ్డులో ఆరు లైన్లు ఉన్నాయి. ఒక్కో లైనుకు ఒక మనిషి. కరెంటు పోగానే నేను మెయిన్ దించుతాను. వచ్చాక, ఎత్తే ముందు ఆరుగురినీ వరసగా పేరు పెట్టి పిలవాలి. పిలిచినవాడు చేతులు సాంచాలోంచి తీసి, వెనక్కి జరిగి, "హౌ" అనాలి, అంటే అవునని. ఆరు హౌలు వినిపించాకే మెయిన్ ఎత్తాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాకంటే ముందున్న మాస్టరు పెట్టిన పద్ధతి. కరెంటు పోతే షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, బయట రోడ్డు మీద కూరగాయల బండివాడి కేక కూడా లోపలికి వినిపిస్తుంది. అందుకే ఆ పిలుపు వినిపించకపోవడమన్నది ఉండదు.

నాలుగో లైను నడిపేవాడు మా పక్క మండలం వాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నన్ను కాకా అని పిలుస్తాడు. పని మంచిదే, నోరే మంచిది కాదు. మెయిన్ స్విచ్‌కు తాళం పెట్టించమని, పళ్ల చక్రాలకు మూతలు వేయించమని నేను కార్ఖానా యజమాని సేఠ్‌కు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదాని జిరాక్సు నా జేబులోంచి జారి వాడికి దొరికింది. చాయ్ వేళ అందరి మధ్యా స్టూలు ఎక్కి నిలబడి, నా గొంతుతో, నా దగ్గుతో సహా చదివాడు.

"మహారాజశ్రీ సేఠ్ గారి దివ్య సముఖమునకు... ఖ్హ్మ్... గీ కంప్లేంట్ కాక రాసుకున్నది ఏమనగా..."

అందరూ నవ్వారు. రెండో లైను అతనికైతే చాయ్ ముక్కులోంచి వచ్చింది. "కంప్లేంట్ కాకా, జర నా పెండ్లం మీద గూడ ఒకటి రాసిపెట్టు, కూరల ఉప్పేస్తలేదు" అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టి లేచిపోయాను.

ఆ రోజు నుంచి నాలుగో లైను అతనితో మాటలు మానేశాను. మాటలు మానడమంటే నాకు సగం సగం తెలియదు. పేరు పెట్టి పిలవడం కూడా మానేశాను. కరెంటు వచ్చినప్పుడు అయిదుగురిని పిలిచేవాణ్ణి. నాలుగో లైను వైపు మాత్రం తల తిప్పి చూసేవాణ్ణి. వాడు దూరంగా నిలబడి ఉన్నాడని కంటితో చూసుకుని మెయిన్ ఎత్తేవాణ్ణి. అలా పది రోజులు గడిచాయి. వాడూ ఏమీ అనలేదు.

పదకొండో రోజు పొద్దున పది గంటలకు కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. అయిదుగురిని పిలిచాను. అయిదు హౌలు వచ్చాయి. నాలుగో లైను వైపు చూశాను. లైటు లేని షెడ్డు పగలు కూడా మసకగానే ఉంటుంది. లైను మొదట్లో ఇనప స్తంభం పక్కన వాడి నీలం చొక్కా కనిపించింది. మెయిన్ ఎత్తాను.

అది చొక్కా మాత్రమే. ఉక్కకు విప్పి స్తంభానికి తగిలించాడు. వాడు లైను మధ్యలో వంగి, పళ్ల చక్రాల మధ్య ఇరుక్కున్న దారం లాగుతున్నాడు. తన సాంచా స్విచ్ ఆపలేదు. ఆపి ఉండాల్సింది, అది వాడి పొరపాటు. ఆ మాట వంద చోట్ల చెప్పగలను. కానీ నేను పిలిచి ఉంటే చెయ్యి తీసేవాడు. ఆ మాటను మాత్రం చాలాకాలం ఎక్కడా చెప్పలేదు.

కుడి చేతి వేళ్లు రెండు పోయాయి. ఆ కేక గురించి రాయను.

మధ్యాహ్నం దవాఖానాకు వెళ్లాను. వాడు మంచం మీద ఉన్నాడు. చేతికి బొంత చుట్టినంత కట్టు. భార్య తలాపున నిలబడి ఉంది. సేఠ్ తరఫున లెక్కలు రాసే మెహతాజీ, నాతో వచ్చిన రెండో లైను అతను గోడ దగ్గర ఉన్నారు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. నా చేతులు వాటంతటవే కలిశాయి.

"తప్పైందిరా" అన్నాను.

వాడు గోడ వైపు తిరిగాడు. "ఊకో కాకా, నువ్వేం జేస్తవ్" అంది వాడి భార్య. మెహతాజీ రెండో లైను అతని చెవి దగ్గరికి వంగి, ఏమంటున్నాడని అడిగాడు. మాలో హిందీ బాగా వస్తుందని పేరున్నవాడు అతనే. "గల్తీ హో గయీ బోల్ రహా హై" అన్నాడు. మెహతాజీ తల ఊపాడు. ఆ ఊపడం అప్పుడు నాకు జాలిలాగే కనిపించింది.

మూడు వారాలకు ఠాణా నుంచి ఫోను వచ్చింది. నాలుగో లైను అతని చేతికి జరిగిన దానికి మాస్టరు నిర్లక్ష్యమే కారణమని, ఆ సంగతి మాస్టరే తన ముందు ఒప్పుకున్నాడని మెహతాజీ కాగితం రాసిచ్చాడట. మంగళవారం పదకొండు గంటలకు రావాలి. ఫోను పెట్టేశాక నా చెవి వేడిగా ఉండిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవలయ్యా?" అంది. రాంగ్ నెంబర్ అన్నాను.

తెలిసినవాళ్లు చెబితే సలాబత్‌పురాలో ఒక వకీలు దగ్గరికి వెళ్లాను. చీరలు మడతలు పెట్టే దుకాణం పైన రెండో అంతస్తు. మెట్ల నిండా జరీ నూగు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి, గుజరాతీ మనిషి. నాతో హిందీలో మాట్లాడింది. నేను తెలుగులో రాస్తున్నాను. మెహతాజీ కాగితం నకలు చదివి కళ్లజోడు తీసి, "కాకా, ఇది ఎక్స్‌ట్రా జ్యుడీషియల్" అంది.

బల్ల అంచు పట్టుకున్నాను.

ఆ మాట నాకు కొత్త కాదు. నాకు పదకొండేళ్లప్పుడు మా ఊరి మంగలి దుకాణంలో అద్దం వెనక ఒక కరపత్రం ఉండేది. అందులో ముగ్గురు మనుషుల ఫోటోలు, కింద ఈ ఇంగ్లీషు మాట తెలుగు అక్షరాల్లో ఉండేవి. నా తలకు సబ్బు పట్టించి ఉండగా మంగలి దాన్ని కూడబలుక్కుంటూ చదివి, గడ్డం చేయించుకోవడానికి వచ్చిన ఒక పంతులుగారిని అర్థం అడిగాడు. పంతులుగారు బయటికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "కోర్టుకు కొంటవోకుండనే చంపుడు" అన్నాడు. అప్పుడు మంగలి చేతిలో కత్తి నా మెడ మీద ఆగింది. నలభై ఏళ్లుగా ఆ మాటకు నాకు తెలిసిన అర్థం అదొక్కటే.

"నన్ను చంపుతారా మేడం?" అని అడిగాను.

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. నీళ్లు తెప్పించింది. "ఆ మాటకు అర్థం కోర్టు బయట అని, అంతే. కోర్టు బయట చంపితే దానికీ అదే మాట, కోర్టు బయట రాజీ పడితే దానికీ అదే. అంత మంచీ, అంత చెడ్డా అందులోనే ఇమిడిపోతాయి. మీది కోర్టు బయట ఒప్పుకోలు. జడ్జి ముందు కాకుండా వేరే ఎవరి ముందైనా, నేను చేశాను అనడం."

"ఠాణాలో నేనింకా ఏమీ చెప్పలేదు."

"ఠాణాలో పోలీసుకు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. కొట్టి చెప్పించి ఉంటారేమో అని చట్టానికి అనుమానం. మీవాళ్ల దగ్గర, దవాఖానాలో, చాయ్ బండి దగ్గర ఒప్పుకున్నది చెల్లొచ్చు. ఎవరూ బలవంతం చేయలేదు కదా, మనసులోంచి వచ్చింది కదా అంటారు."

ఇంతకంటే అన్యాయం నేను వినలేదు. లాఠీ పట్టుకున్నవాడి ముందు నోరు జారినా పరవాలేదు. మంచాన పడ్డవాడి ముందు నోరు జారితే జైలు.

"భయపడకండి, ఇది బలహీనమైన సాక్ష్యం" అందామె. "ఒక్కదాని మీద శిక్ష వేయడానికి కోర్టులు వెనకాడతాయి. ఎవరితో అన్నారు, ఎందుకన్నారు, సరిగ్గా ఏ మాట అన్నారు, దానికి తోడు ఇంకే రుజువు ఉంది, అన్నీ చూస్తారు. సరిగ్గా ఏ మాట అన్నారు?"

"తప్పైందిరా."

"దానర్థం?"

చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. తప్పు అయింది. ఎవరి వల్ల అయింది? ఆ మాటలో లేదు. నేను అన్న ముక్క లేదు, చేశాను అన్న ముక్క లేదు. వాన పడింది అన్నట్టే తప్పు అయింది. మెహతాజీ కాగితంలో మాత్రం 'మేరీ గల్తీ సే హువా', నా తప్పు వల్ల అయింది, అని ఉంది. ఆ 'మేరీ' ఎక్కడి నుంచి వచ్చింది? రెండో లైను అతను కూడా ఆ ముక్క అనలేదు. మెహతాజీ తన జేబులోంచి తీసి కలిపాడు.

ఇదంతా చెబితే ఆమె ముందుకు వంగింది. "చాలా మంచిది. ఇంకో సంగతి. మెయిన్ ఎత్తే ముందు మీరు అందరినీ పిలిచారా?"

"పిలుస్తాను. రోజూ పిలుస్తాను" అన్నాను.

ఆమె రాసుకుంది. ఆ రోజు పిలిచారా అని రెట్టించలేదు. రెట్టించి ఉంటే ఏమనేవాడినో ఇప్పటికీ నాకు తెలియదు.

సేఠ్‌కు రాసిన మూడు ఉత్తరాల జిరాక్సులూ గర్వంగా ఆమె ముందు పెట్టాను. నాతో చదివించుకుని విని, "ఇవి రెండు వైపులా కోస్తాయి కాకా" అంది. "తాళం లేదని సేఠ్‌కు తెలుసు అని చూపిస్తాయి. తాళం లేని మెయిన్ ఎంత ప్రమాదమో మీకు అందరికంటే బాగా తెలుసు అని కూడా చూపిస్తాయి." జీవితంలో మొదటిసారి నా జిరాక్సులను చూసి నేను భయపడ్డాను.

చివరికి రెండు ఆజ్ఞలు వేసింది. నాలుగో లైను అతన్ని కలవకూడదు, సాక్షిని తిప్పుకున్నారంటారు. ఇక ఎవరితోనూ ఈ సంగతి మాట్లాడకూడదు, రాయకూడదు. "రాసినది కూడా కోర్టు బయట ఒప్పుకోలే అవుతుంది. మీకు రాసే జబ్బు ఉన్నట్టుంది" అంది. ఆ జబ్బు అన్న మాటను నేను గుర్తు పెట్టుకున్నాను.

మంగళవారం వెళితే ఎస్సై సెలవులో ఉన్నాడన్నారు. ఇంకో పన్నెండు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ పన్నెండు రోజులు నేను ఎలా ఉన్నానో మా ఆవిడకే తెలుసు. ఆమెకు సంగతి సగమే చెప్పాను. "ఎక్స్‌ట్రా అంటె ఎక్కువనే గదయ్యా? ఎక్కువ కోర్టా?" అని అడిగింది. కాదు, కోర్టు బయట అన్నాను. "బయటనే అయితె భయమెందుకు?" అంది. నా భయమంతా బయటే ఉంది. కోర్టు ఒక్కటే నాకు భయం లేని చోటుగా మిగిలింది. అక్కడ కనీసం ఎవరు రాసుకుంటున్నారో కనిపిస్తుంది.

కూరలో ఉప్పెక్కువైందా అని ఆమె అడిగితే, ఎక్కువైంది అనడానికి కూడా కిటికీ వైపు చూసేవాణ్ణి. ఒకరోజు బార్డోలీ బస్సులో నా కాలు పక్కాయన కాలికి తగిలింది. కాలు తగిలితే మనం వంగి తాకి కళ్లకద్దుకుంటాం, అది చేతికి ఉన్న అలవాటు. నా చెయ్యి సగం దాకా వెళ్లి గాల్లో ఆగిపోయింది. కళ్లకద్దుకుంటే ఒప్పుకున్నట్టే కదా. ఆయన నా చేతిని, నా మొహాన్ని చూసి, సంచి తీసుకుని ముందు సీట్లోకి వెళ్లిపోయాడు. దొంగ అనుకున్నాడో, పిచ్చివాడనుకున్నాడో.

కార్ఖానాలో నన్ను మెయిన్ దగ్గరికి రానివ్వడం లేదు. సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. కరెంటు వచ్చినప్పుడల్లా కొత్త మాస్టరు పేర్లు పిలవడం గోడ అవతల నుంచి వినిపించేది. ఆరు పిలుపులు, ఆరు హౌలు. నాలుగో లైనులో ఇప్పుడు ఒడిశా నుంచి వచ్చిన మనిషి ఉన్నాడు. నాలుగో పిలుపు వచ్చే ముందు చేతిలో పని ఆపేసేవాణ్ణి.

వేళ్లు పోయినవాడు ఏం చెబుతాడు? నా భయం అంతా అక్కడికే వచ్చి నిలబడేది. నేనన్నది ఏ మాటో విన్నవాడు వాడు. పిలిచానో లేదో తెలిసినవాడు వాడు. వాడు ఆ రెండు సంగతులూ ఉన్నవి ఉన్నట్టు చెబితే మెహతాజీ కాగితానికి తోడు దొరుకుతుంది, బలహీనమైన సాక్ష్యం బలపడుతుంది. పదకొండు రోజులు మాట్లాడనివాణ్ణి వాడెందుకు కాపాడాలి? వాడి స్థానంలో నేనుంటే కాపాడేవాణ్ణి కాదు. ఇది నిజం. నా దగ్గర రేకు పెట్టె ఉంది.

ఎస్సై పిలిచిన రోజు మధ్యాహ్నం ఠాణాలో బల్ల చుట్టూ నలుగురం ఉన్నాం. ఎస్సై, మెహతాజీ, నేను, నాలుగో లైను అతను. వకీలు బయట వరండాలో ఉంది. వాడు చిక్కిపోయాడు. కట్టు చిన్నదైంది. కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

ఎస్సై నా వైపు చెయ్యి చూపించి, "దవాఖానాలో ఇతను నీతో ఏమన్నాడు?" అని హిందీలో అడిగాడు.

"తప్పైంది అన్నడు సాబ్."

"అంటే తన తప్పేనని ఒప్పుకున్నాడా?"

వాడు తన కార్ఖానా హిందీలో చెప్పాడు, నేను వాడి తెలుగులో రాస్తున్నాను. "సాబ్, మా దిక్కు పెళ్లికి ఆలస్యంగా పోయినా తప్పైంది అంటరు. చావుకు పోయి ఏం మాట్లాడాలో తెలవకున్నా తప్పైంది అంటరు. చుట్టం ఇంట్ల తినకుండ లేస్తే గూడ గదే అంటరు. గీయన అయితే అది గూడ అనడు. ముప్పై ఏండ్ల సంది ఈయనను ఎరిగినోళ్లను అడుగుండ్రి, ఎన్నడన్నా అన్నడా అని. నా చెయ్యి చూసి భయపడి అన్నడు."

మెహతాజీ కుర్చీలో కదిలాడు. "గల్తీ హో గయీ అని నేను విన్నాను" అన్నాడు.

"నీకు తెలుగు వస్తదా మెహతాజీ?" అన్నాడు వాడు. "వస్తే గీయన మూడు కంప్లేంట్లు చదివి తాళం పెట్టిస్తుంటివి గద."

ఎస్సై నవ్వు ఆపుకుంటూ కలం ఎత్తాడు. నా గుండె కాస్త కుదుటపడుతుండగానే రెండో ప్రశ్న వచ్చింది. "సరే. మెయిన్ ఎత్తే ముందు మాస్టరు పేర్లు పిలుస్తాడంటున్నారు. ఆ రోజు నిన్ను పిలిచాడా?"

వాడు నా వైపు చూశాడు. ఆ పదకొండు రోజుల తర్వాత వాడు నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి.

"పిలిచిండేమో సాబ్" అన్నాడు. "సాంచాల సప్పుడుల నాకు వినవడలే."

అది మెయిన్ ఎత్తకముందు సంగతి. కరెంటు లేదు. సాంచాలు ఆగి ఉన్నాయి. కూరగాయల బండివాడి కేక వినిపించే నిశ్శబ్దం అది. సాంచా ఎలా ఉంటుందో తెలిసిన ఎవడైనా ఆ మాటను పట్టుకుంటాడు. ఎస్సై వైపు చూశాను, మెహతాజీ వైపు చూశాను. మెహతాజీ ఇరవై ఏళ్లుగా అద్దాల గదిలో కూర్చుని లెక్కలు రాసే మనిషి. కరెంటు పోతే ఆయన గదికి ఇన్వర్టరు ఉంటుంది. ఎస్సై కలం ఆ వాక్యం మీద నడిచింది. ఒకచోట ఆగింది. కలం ఆగింది సిరా రాక. విదిలించి మళ్లీ రాశాడు.

బయటికి వచ్చాక వకీలు ఆ కాగితం చదివి, "ఇక దీనికి తోడు రుజువు ఏమీ లేదు. ఇది ఇక్కడే ఆగిపోతుంది" అంది. తర్వాత అలాగే ఆగిపోయింది. ఆ రోజు మాత్రం ఆ మాట నా లోపలికి దిగలేదు. ఎస్సై రాత్రికి ఇంటికి వెళ్లి అన్నం తింటూ 'కరెంటు లేనప్పుడు చప్పుడేమిటి' అనుకుంటాడేమోనని చాలా రోజులు అనుకున్నాను.

వాడు ఠాణా ఎదురుగా చాయ్ బండి దగ్గర ఉన్నాడు. స్టేట్‌మెంటు అయిపోయింది కాబట్టి కలవవచ్చో, కలవకూడదో వకీలును అడగలేదు. వెళ్లాను. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని ఊదుకుంటున్నాడు. నాకూ ఒకటి చెప్పాడు. నా గ్లాసు సగం అయింది.

"కరెంటు లేనప్పుడు సాంచాలు సప్పుడు జేస్తయా కాకా?" అన్నాడు.

నేను చుట్టూ చూశాను. బండివాడు, ఇద్దరు ఆటోవాళ్లు ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు. రాదని ఎలా నమ్మను?

"నేను గూడ లెక్క వెట్టుకున్న" అన్నాడు. "పదకొండు దినాలు. నువ్వు మాట్లాడకపోతె నాకేం కాలే. గా చదువుడు నాదే తప్పు, ఎక్కువ చేసిన. గని కరెంటొచ్చినప్పుడు గా ఒక్క పిలుపు గూడ పిలువకపోతివి. సాంచా ముందర గూడ పగేంది కాకా?"

వాడి నోటి నుంచి 'నాదే తప్పు' ఎంత తేలిగ్గా వచ్చిందో చూశాను. చుట్టూ చూసుకోలేదు. ఎవరైనా రాసుకుంటున్నారేమో అనుకోలేదు. నా నాలుక చివర ఒక మాట ఉంది. దవాఖానాలో అన్న ఆ నాలుగక్షరాలే. మెహతాజీ ఠాణా మెట్లు దిగి మా వైపే వస్తున్నాడు. మాట లోపలే ఉండిపోయింది.

"చొక్కా చూసి నువ్వే అనుకున్న" అన్నాను. అంతవరకే వచ్చింది.

"చొక్కా హౌ అంటదా?" అన్నాడు. గ్లాసు బండి మీద పెట్టి, రోడ్డు దాటి బస్సు వైపు నడిచాడు. కుడి చేతిని పొట్టకు ఆనించుకుని నడుస్తున్నాడు. జనంలో ఎవరైనా తగులుతారేమోనని భయంతో నడిచే నడక అది. ఆ నడక నేను ఇచ్చిందే.

మెహతాజీ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ఉన్నాడని తెలిసే, వాడి పేరు పెట్టి పిలిచాను. మెయిన్ దగ్గర నిలబడి షెడ్డు చివరిదాకా వినిపించేలా పిలిచే గొంతుతో పిలిచాను. ఆటోవాళ్లు తిరిగి చూశారు. ఆ పేరు ఇక్కడ రాయను. వకీలు రాయవద్దన్న వాటిలో ఇంతవరకు రాసిందే ఎక్కువ.

వాడు రోడ్డు అవతల ఆగాడు. వెనక్కి తిరగలేదు. జవాబు వచ్చేదాకా కదలకూడదన్నది మా పద్ధతి. మధ్యలో రెండు లారీలు పోయాయి. నేను కదలలేదు. వాడు రాడేమోనని, అనడేమోనని, ఠాణాలో ఆ కలం ఆగినప్పటి కంటే ఎక్కువ భయపడ్డాను.

అప్పుడు తిరిగాడు.

"గిప్పుడెందుకు పిలుస్తున్నవ్ కాకా!" అని అరిచాడు. "కరెంటు ఉన్నది గద!"

బస్సెక్కాడు. బస్సు వెళ్లిపోయింది. మెహతాజీ నన్ను, ఏమన్నాడు, ఏమన్నాడు అని అడిగాడు. నేను చెప్పలేదు. నన్ను అన్న మాటలన్నీ గుర్తు పెట్టుకున్నట్టే దీన్నీ గుర్తు పెట్టుకున్నాను. కానీ రేకు పెట్టెలోకి దీని జిరాక్సు ఇంకా వెళ్లలేదు. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకు తెలియలేదు.